దించుడు పాట

సాయవ్వ గొంతెత్తితే రాయి లేస్తుందని ఎర్రగుట్ట చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. మంత్రమూ లేదు, మాయా లేదు. నలభై మంది రాయికి మోకులు కట్టి, దుంగలు భుజాన వేసుకుని, మోకాళ్ళు వంచి నిలబడితే ఆమె రాయి పక్కన నిలబడి పాడేది. మూడో చరణానికి ఆ నలభై ఒళ్ళూ ఒక్క ఒళ్ళయ్యేవి. కళ్ళు ఎర్రబడేవి, మెడనరాలు మోకుల్లాగే ఉబ్బేవి, ఏనుగంత రాయి చీమల నెత్తిన బెల్లంముక్కలా సాగిపోయేది.

అయితే పాట అంతటితో ఒడిసేది కాదు. దానికి రెండు సగాలు. ఒకటి ఎత్తుడు, రెండోది దించుడు. రాయి నేలకు ఆనగానే అందరూ అరచేతులు మట్టికి ఆనించి కూర్చోవాలి. అప్పుడు సాయవ్వ, చంటిపిల్లను ఒళ్ళోంచి పక్క మీదికి జార్చినంత మెల్లగా, దించుడు పాడాలి. అది వినకుండా ఎవరూ లేవకూడదు, అంబలి ముట్టకూడదు. రాయి కోసం ఒంట్లోకి ఎక్కిన బలం రాయి దిగినంత మాత్రాన దిగదు మరి.

సాయవ్వ కాపురానికొచ్చిన ఏడు, ఇంకా ఆమె అత్తే పాడుతున్న రోజుల్లో, మల్లయ్య అనేవాడు వానొస్తోందని దించుడు వినకుండా ఇంటికి ఉరికాడు. అన్నం ఉడకలేదని పెళ్ళాన్ని రోకలితో కొట్టి చంపాడు. అడ్డమొచ్చిన సొంత అన్న దవడ పగలగొట్టాడు. పోలీసులొచ్చి పట్టుకుపోయారు. అత్త ఠాణా గుమ్మం ముందు నిలబడి "ఒక్కసారి వాని ముంగట పాడనియ్యండి సారూ" అని కాళ్ళు పట్టుకున్నా రానివ్వలేదు. గొలుసులు తెంపుకుంటూ తెంపుకుంటూ, మూడో పొద్దుకు ముక్కులోంచి నెత్తురు కారి, మల్లయ్య గుండె పగిలి చచ్చాడు. అరవై ఏళ్ళ కిందటి సంగతి. సాయవ్వకు ఆ రోకలి మీది పచ్చి నెత్తురు వాసన కూడా గుర్తే.

తర్వాత గుట్టకు క్రేన్లొచ్చాయి. పాట అవసరం లేకపోయింది. కొడుకు గుట్ట పేలుడులో పోయాడు. మిగిలింది మనవడు సంపత్, వాడి పెళ్ళాం స్వరూప. వాళ్ళ మొహాలు చూసుకుంటూ సాయవ్వ రోజులు వెళ్ళదీస్తూ ఉంటే, ఒకనాడు హైదరాబాదు నుంచి డాక్టర్ కౌముది కారు దిగింది. మందులిచ్చే డాక్టరు కాదు. పాటల మీద పరిశోధన చేసే మనిషి.

ల్యాబుకు తీసుకుపోయి, అద్దాల గదిలో కుర్చీ వేసి, సాయవ్వ గొంతు మీద వేలెడంత పట్టీ అంటించింది.

"ఇదేంది బిడ్డా, తలకాయనొప్పి పట్టీనా?"

"నరంపట్టీ అమ్మా. మీ ఒంట్లో ఏం జరిగితే అది ఇందులోకి ఎక్కుతుంది. ఇలాంటి పట్టీయే ఇంకొకరు మెడకు పెట్టుకుంటే వాళ్ళ ఒంట్లోకి దిగుతుంది. చూడండి." కౌముది ఇంకో పట్టీ తన మెడకు అంటించుకుంది.

సాయవ్వకు నమ్మకం కుదరలేదు. కుదరక తన తొడ మీద తనే చటుక్కున గిల్లుకుంది. అటు కౌముది "అమ్మో!" అని కుర్చీలోంచి లేచింది. సాయవ్వ బోసినోరు తెరిచి పడీపడీ నవ్వింది. ఆ నవ్వు కూడా దిగి, కౌముదికి పొట్ట పట్టుకున్నా నవ్వు ఆగలేదు.

అప్పుడు సాయవ్వ ఎత్తుడు పాడింది.

"గుట్ట నీది, గుండె మాది, హైస్సా
నరం బిగువు, మోకు బిగువు, హైస్సా..."

పాడి ఆగింది. "అయిపోయిందా అమ్మా?" అని కౌముది అడిగింది.

సాయవ్వ చుట్టూ చూసింది. గదిలో కుర్చీ ఉంది, అద్దాలున్నాయి, రాయి లేదు. ఎత్తని రాయిని దించుడేమిటి? రాయి లేని చోట దించుడు పాడేది ఒక్కందుకే, పీనుగను గుంతలోకి దించేటప్పుడు. ఉత్తపుణ్యానికి దించుడు పాడితే ఇంట్లోంచి పాడె లేస్తుందని అత్త చెప్పింది, అత్తకు ఆమె అత్త చెప్పింది. నవ్వుతూ ఉన్న ఈ బిడ్డ ఇంటికి ఆ కీడెందుకని సాయవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయిపోయింది బిడ్డా," అంది.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

ముందు సాయవ్వ పాటను మూడు వందల మంది, ఎవరి ఇంట్లో వాళ్ళు పట్టీ పెట్టుకుని, విన్నారు. విన్నవాళ్ళకు భుజాల్లో వెచ్చగా ఉండి, ఇంట్లో బీరువాలు అటూ ఇటూ జరుపుకుని, అలసిపోయి పడుకున్నారట. ఒంటరిగా వింటే అంతే మరి, బలం ఒక్క ఒంటిదే. తర్వాత దాన్ని ఒక పాటల కంపెనీ తీసుకుంది. మేఖల అనే పిల్ల ఉంది, ఇరవై ఆరేళ్ళది, గొంతు తేనె. సాయవ్వ ఎత్తుడును పట్టీతో ఒంట్లోకి ఎక్కించుకుంటూ ఆ పిల్ల అదే పాటను కొత్తగా పాడింది. వెనకాల ముప్పై డప్పులు. నలభై రోజుల్లో రెండు కోట్ల మంది విన్నారు. చెవుల్తో వినడం పాతబడిపోయింది, పిల్లాపెద్దా మెడకు పట్టీ పెట్టుకునే వింటున్నారు.

సాయవ్వకు ముచ్చటే వేసింది. సంపత్ పట్టీ పెట్టుకుని వాకిట్లో ఎగురుతుంటే "నా పాటేరా అది!" అంది.

"నీదే గనీ బాపమ్మా, నీదాంట్ల దమ్ము లేదు. మేఖల పాడితే ఇనాలె. గట్ల పాడాలె పాటంటే!"

"ఓరి నీ దమ్ము పాడుగాను! నీ తాత మోసిన రాళ్ళు గులకరాళ్ళనుకుంటున్నవా?" అని నవ్వింది.

ఆ వారమే కంపెనీ, గుంపులో అందరి పట్టీల్లో పాట ఒకేసారి మోగే వీలు తెచ్చింది. ఆ వారమే ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు. పట్టపగలు, పదకొండు గంటలు. పెళ్ళికొడుకు కనకయ్య, సంపత్ సావాసగాడు. కారు ముందు మూడు వందల మంది మెడలకు పట్టీలతో ఎగురుతున్నారు. సాయవ్వ అరుగు మీద కూర్చుని చూస్తోంది. మూడో చరణం మొదలైంది. ఒళ్ళన్నీ ఒక్క ఒళ్ళవడం ఆమె కంటికి ఎక్కడున్నా తెలుస్తుంది. అరుగు మీదే లేచి నిలబడింది.

వాళ్ళు కారెత్తారు. పెళ్ళికొడుకును, పెళ్ళికూతురును లోపలుంచే భుజాల మీదికి ఎత్తారు. అందరూ చప్పట్లు కొట్టారు. పాట ముగిసింది. దించాలన్న తలపు ఒక్కడికీ లేదు. కారును విసిరికొట్టారు.

అద్దాలు పగిలిన చప్పుడుకు పిచ్చి రేగినట్టు ఒకరి మీద ఒకరు పడ్డారు. డప్పు కర్రలు విరిగేదాకా కొట్టుకున్నారు. ఒకడు ఇంకొకడి చెవి కొరికి ఉమ్మాడు. తలకిందులైన కారులోంచి కనకయ్య పాకుతూ బయటికొచ్చి "సంపతూ, చెయ్యియ్యిరా!" అన్నాడు. సంపత్ జనరేటర్ తిప్పే ఇనుప హ్యాండిల్ తీసి సావాసగాడి నెత్తి మీద ఒకసారి కొట్టాడు. రెండోసారి కొట్టాడు. మూడోసారికి అక్కడ నెత్తి లేదు. ఆపబోయిన స్వరూపను మోచేత్తో కొడితే నాలుగు పళ్ళు రాలి అరుగు మీద సాయవ్వ కాళ్ళ దగ్గర పడ్డాయి.

"దించుడు," అంది సాయవ్వ ఆ పళ్ళను చూస్తూ. "నేను దించుడు చెప్పలే."

ఆ ఒక్క రోజే ముప్పై నాలుగు ఊళ్ళలో అదే జరిగింది. నలుగురు కలిసి ఆ పాట విన్నచోటల్లా నెత్తురే. కాలేజీ మైదానంలో, బస్సులో, బట్టల దుకాణం ప్రారంభంలో. దొరికినవాళ్ళను దొరికినట్టు ఆసుపత్రుల్లో మంచాలకు కట్టేశారు. మత్తుమందిస్తే కళ్ళు మూతపడుతున్నాయి గాని కండరాలు వదలడం లేదు. సంపత్‌ను జిల్లా ఆసుపత్రిలో కట్టేశారు. తోలు పట్టీల కింద వాడి మణికట్లు ఒరుసుకుపోయి ఎముక కనబడుతోంది.

మరునాడు పొద్దున్నే కౌముది వచ్చింది. ఒక్క రాత్రిలో పదేళ్ళు పైబడినట్టుంది మనిషి.

"అమ్మా, వీళ్ళ గుండెలు ఇలాగే కొట్టుకుంటే..."

"మూడో పొద్దుకు పగుల్తయ్," అంది సాయవ్వ. "నాకెరుకే బిడ్డా." అని మల్లయ్య సంగతి, దించుడు సంగతి, తను దాచిన సంగతి అన్నీ చెప్పేసింది.

కౌముది గోడకు ఆనుకుని కూలబడింది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"రాయి లేకపాయె కదా. నీ ఇంట్ల శవం లేస్తదని భయపడితి. నీ ఒక్క ఇల్లు కాపాడబోయి ఎన్ని ఇండ్లు కూల్చిన్నో చూడు."

ఏడుస్తూ కూర్చుంటే మనవడు దక్కడు. సాయవ్వ గొంతుకు, సంపత్ మెడకు పట్టీలు అంటించారు. ఆమె మంచం పక్కన కూర్చుని, వాడి చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని దించుడు మొదలుపెట్టింది.

"దిగు దిగు బరువా దిగిపోవే..."

సంపత్ కళ్ళు తెరిచాడు. ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. కుడి చేతి తోలు పట్టీ పటుక్కున తెగింది. ఆ చెయ్యి వచ్చి సాయవ్వ గొంతు పట్టుకుంది.

"దొంగముండా! పాటను పాడుచేస్తున్నవ్! నీ పాటనా ఇది? మేఖల పాటే ఇది!"

నలుగురు కలిసి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విరిచి విడిపించారు. విరిచి అంటే నిజంగానే విరిచి. సాయవ్వ గొంతు వాచి, మాట బొంగురుపోయింది. మనవడి మొహంలో తనను ఎరగని చూపు చూశాక, ఆ వాపు నొప్పి ఆమెకు తెలియనేలేదు.

కౌముది తెర మీద గీతలు చూసి తల పట్టుకుంది. "కోడిపిల్ల గుడ్డులోంచి రాగానే దేన్ని చూస్తే దాన్నే తల్లి అనుకుంటుంది కదమ్మా. ఒళ్ళు కూడా అంతే చేస్తోంది. ఈ పాట వాళ్ళ ఒంట్లోకి మొదట ఏ గొంతుతో ఎక్కిందో, అదే అసలు. మీది వింటే ఒళ్ళు పగవాడి గొంతనుకుంటోంది."

"అంటే, ఆ పిల్ల పాడితేనే దిగుతరా?"

"ఆమె పాడితేనే."

ఆ సాయంత్రమే కౌముది సాయవ్వను ల్యాబుకు తీసుకుపోయింది. మేఖల అక్కడే ఉంది. చచ్చినవాళ్ళ చుట్టాలు ఆమె ఇంటి మీద రాళ్ళేసి, ఆమె తండ్రి కన్ను పోగొట్టారు. సాయవ్వను చూడగానే ఆ పిల్ల పులిలా లేచింది.

"మీ పాటే కదండీ అది! నేనేం చేశాను? పాడమన్నారు, పాడాను! మా నాన్నగారి కన్ను ఎవరు తెచ్చిస్తారు?"

సాయవ్వ చెయ్యెత్తింది, చెంప పగలగొట్టాలనే ఎత్తింది. అందంగా దువ్వుకున్న ఆ తలకు కట్టు, కట్టులోంచి ఊరిన నెత్తురు చూసి, ఎత్తిన చెయ్యి ఆ పిల్ల భుజం మీద పెట్టింది.

"నిజమే బిడ్డా. ఎత్తింది నేను, మోసింది నువ్వు. దించుడు ఇద్దరం కల్సి దించాలె."

మేఖల గొంతు మంచిది, చురుకైనది. పది నిమిషాల్లో రాగమంతా పట్టేసింది. పాడింది కూడా, చక్కగా. కౌముది తెర వైపు చూసి అడ్డంగా తలూపింది.

"పాట గొంతులో ఉంది. ఒంట్లో భయం తప్ప ఏమీ లేదు. ఇది పంపితే వాళ్ళలోకి భయమే దిగుతుంది."

"ఎట్లొస్తది మరి?" అంది సాయవ్వ. "రాయెత్తనోళ్ళకు దించుడు ఎట్లొస్తది? పాండి, గుట్టకు."

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి ఎర్రగుట్ట మీద ముప్పై ఎనిమిది మంది నిలబడ్డారు. ఒక్కరూ అరవై ఏళ్ళకు తక్కువ లేరు. వయసువాళ్ళంతా మంచాలకు కట్టేసి ఉన్నారు. పట్టీ పెట్టుకోవడం తెలియని ముసలివాళ్ళే మిగిలారు. వాళ్ళకు మొదలు ఎక్కింది సాయవ్వ గొంతే. ముందు దుంగ కింద దుర్గయ్య, సాయవ్వ మరిది, డెబ్బై రెండేళ్ళవాడు.

"వదినె, పదిహేనేండ్లాయె రాయి ముట్టక. ఎత్తినంక నేను దిగుతనో, పైకే పోతనో!"

"పైకి పోతే మీ అన్నకు చెప్పు, నేనింకా రానని. నాకు పనుంది."

"ఆయన అక్కడ సుఖంగున్నడు. చెప్తే పండుగ జేస్కుంటడు."

నవ్వులు మోగాయి. మేఖలను రెండో దుంగ కిందికి తోశారు. దుర్గయ్య తన తువ్వాల మడిచి ఆ పిల్ల భుజం మీద వేశాడు. "నడుముతోటి ఎత్తకు తల్లీ, విరుగుతది. మడిమెలతోటి ఎత్తు." మేఖల గొంతు మీద పట్టీ. అక్కడి గీతలు చూస్తూ, ఆ గొంతు ముప్పై నాలుగు ఊళ్ళ ఆసుపత్రులకు అదే క్షణాన చేరేలా కౌముది పెట్టె సర్దింది. రికార్డు చేసి పంపేందుకు పొద్దు లేదు. అప్పటికే పదకొండు గుండెలు ఆగాయి. సంపత్ ముక్కులోంచి నెత్తురు మొదలైందని స్వరూప ఫోన్ చేసింది.

ఎత్తుడు మాత్రం పంపకూడదు. రాయి నేలకు ఆనాకే మీట నొక్కాలని ఒప్పందం.

సాయవ్వ ఆ నడుమెత్తు రాయి పక్కన తన పాత చోట నిలబడింది. బొంగురుగొంతుతోనే ఎత్తింది. మొదటి చరణానికి ముసలి మోకాళ్ళు పటపటమన్నాయి. రెండో చరణానికి ఎవరి ముక్కులోంచో నెత్తురు చుక్క దుంగ మీద పడింది. మూడో చరణానికి రాయి లేచింది. మేఖల నోరు తెరిచి అరిచింది, నొప్పితో కాదు, తన ఒంట్లో ఇంత ఉందా అన్న అరుపు అది. పది అడుగులు నడిచారు. పదకొండు.

దించబోయే వేళకు పాత మోకు తెగింది.

రాయి పక్కకు ఒరిగింది. సాయవ్వ వెనక్కి తప్పుకోబోయింది, ఎనభై ఏళ్ళ కాలు ఎంత దూరం తప్పుకుంటుంది? మోకాలి కింద నుంచి అంతా రాయి కిందికి పోయింది. ఎండు కట్టెలు విరిగిన చప్పుడైంది. రాయి నేలకు ఆనిన చప్పుడులో అది కలిసిపోయింది.

రాయికి సాయవ్వ వైపునే దుర్గయ్య ఉన్నాడు. చూశాడు. నోరు తెరిచాడు. సాయవ్వ వాడి కళ్ళలోకి చూసింది. నోరు తెరిచావో చంపుతాను అన్న చూపు. దుర్గయ్య, తువ్వాల లేక, చేతినే నోట్లో కుక్కుకున్నాడు.

రాయికి అవతలి వైపున మేఖల మోకాళ్ళ మీద కూలబడి ఉంది. ఆమెకు రాయి మీదుగా సాయవ్వ మొహం ఒక్కటే కనబడుతోంది. తను కేక పెడితే ఆ పిల్ల బెదురుతుంది. ఆ బెదురు పట్టీలోకి ఎక్కి సంపత్‌లోకి, అందరిలోకి దిగుతుంది. పగలబోతున్న గుండెలు అక్కడే పగులుతాయి. సాయవ్వ రాయి మీద రెండు చేతులూ ఆనించి, నవ్వు మొహం పెట్టింది.

"చేతులు మట్టికి పెట్టు బిడ్డా. నా మొఖం దిక్కే చూడు."

కౌముది మీట నొక్కింది.

"దిగు దిగు బరువా దిగిపోవే," అని సాయవ్వ మెల్లగా అంది. మేఖల తేనె గొంతుతో అదే అంది.

"ఒంటిది ఒంట్ల ఉంచకే..."

మేఖల అంది. తెర మీద కొండల్లా ఉన్న గీతలు కొంచెం కొంచెంగా ఒంగాయి.

"మన్నుది మన్ను..." అన్నచోట రాయి ఇంకో వేలెడు దిగింది. సాయవ్వకు కళ్ళు చీకట్లు కమ్మాయి. కేక గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగింది. మింగేటప్పుడు మాట మధ్యన చిన్నగా తెగింది. తెగాక, "...కు ఇచ్చిపోవే," అని పూర్తిచేసింది.

పాటలో అలా తెగాలి కాబోలనుకుని మేఖల కూడా అక్కడ అలాగే తెంపింది. అందంగా తెంపింది.

గీతలు వాన వెలిసిన చెరువులా నిలిచాయి. జిల్లా ఆసుపత్రి నుంచి స్వరూప పళ్ళు లేని నోటితో ఫోన్‌లో ఏడుస్తోంది. "దిగిండు బాపమ్మా! కండ్లు తెరిచి నీళ్ళడిగిండు!"

మేఖల అరచేతులు ఎత్తుకుని చూసుకుంది. "మట్టి తడిగా ఉందేంటి అమ్మమ్మగారూ?" అని అడిగింది. చేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి.

అప్పుడు దుర్గయ్య నోట్లోంచి చెయ్యి తీసి, ముప్పై ఎనిమిది మంది పెట్టాల్సిన కేక తనొక్కడే పెట్టాడు.

నెల తిరిగాక ఇద్దరు పోలీసులు సంపత్‌ను సాయవ్వ ఉన్న ఆసుపత్రికి తీసుకొచ్చారు. కనకయ్య కేసు నడుస్తోంది. ఒళ్ళెరగని వేళ చేసిన పనని కోర్టు ఏమంటుందో తెలియదు. ఏమన్నా, కనకయ్య తల్లి మాత్రం ఇక వాడి మొహం చూడదు. వాడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, విరిగి వంకరగా అతుకుపడిన తన వేళ్ళ వైపే చూసుకుంటున్నాడు. దుప్పటి కింద బాపమ్మ కాలు ఒకటి మోకాలి దగ్గరే ఆగిపోయి ఉండటం వాడు చూశాడు. క్రేను ప్రమాదమని వాడికి చెప్పారు. అలా చెప్పమన్నది సాయవ్వే. కనకయ్యను మోస్తున్న భుజం మీద తన కాలు కూడా ఎందుకని.

సాయవ్వ వాడి చేతులు తన చేతుల్లోకి తీసుకుని, మిగిలిన గొంతుతో సన్నగా దించుడు అందుకుంది.

సంపత్ తలెత్తాడు. "అట్ల కాదు బాపమ్మా."

"ఏంది బిడ్డా?"

"తప్పు పాడుతున్నవ్. మేఖల గట్ల పాడదు. 'మన్నుది మన్ను' అన్నకాడ గొంతు జరంత తెగాలె. తెగి మళ్ళ అందుకోవాలె. ఊరూరా గట్లనే పాడుతున్నరు. పాటకు అందమంతా ఆడనే ఉంది."

స్వరూప నోరు తెరిచింది. సాయవ్వ దుప్పటి చాటున ఆమె చెయ్యి గట్టిగా గిల్లింది.

"ఔనా? ముసల్దాన్ని, మర్చిపోయిన," అంది. "నువ్వు పాడు, నేర్చుకుంట."

సంపత్ కళ్ళు మూసుకుని పాడాడు. ఆ చోటు రాగానే గొంతు తెంపాడు, సరిగ్గా అంతే తెంపాడు. సాయవ్వ చెయ్యి దానంతటదే దుప్పటి మీదికి, లేని కాలు ఉండాల్సిన చోటికి పోయింది.

"ఔ బిడ్డా," అంది. "ఆడనే తెగాలె."